కిటికీకి ఆరు అద్దాలు

మొన్న వడ్రంగి వచ్చాడు. మా ముందుగది కిటికీ చెక్కకు చెదలు పట్టింది, మార్పించాలని కోడలు నెల రోజులుగా నా చెవి కొరుకుతోంది. సరే పిలిపించు అన్నాను. అతను చట్రం ఊడదీసి, అద్దాలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనించి పెట్టి, "అవ్వా, ఇవి బాగ పాతయి. అంచులు కొట్టుకపోయినయి. కొత్తయి తెచ్చి బిగిస్త, వీటిని పారేయాల్నా?" అని అడిగాడు.

నేను పీట మీద నుంచి లేచిన వేగం చూసి కోడలు హడలిపోయింది. మోకాళ్ళ నొప్పులని ఆర్నెల్లుగా మూలుగుతున్న ముసలమ్మ ఒక్క ఉదుటున వచ్చి కిటికీ దగ్గర నిలబడితే ఎవరైనా హడలిపోతారు. ఆ ఆరు అద్దాలనూ ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. వడ్రంగి బీడీ తాగొస్తానని బయటికి పోయాడు.

అవి ఫొటోలాయన అద్దాలు.

ఆయన పేరు నాకు తెలియదు. మా ముందుగది కిరాయికి తీసుకున్న రోజు మా మామకు ఏదో చెప్పాడట, మామ మరిచిపోయాడు. మళ్ళీ అడగడానికి మొహమాటపడ్డాడు. సిద్దిపేటలో అందరూ ఫొటోలాయన అన్నారు, మేమూ అదే అన్నాం. ఏ ఊరివాడో, పెళ్ళాం పిల్లలు ఉన్నారో లేరో కూడా సరిగా తెలియదు. మా అత్తమ్మ రెండుసార్లు కూపీ లాగబోయింది. రెండుసార్లూ ఆయన మాట మధ్యలోనే లేచిపోయాడు. లేచిపోయాడని అలవాటుగా రాశాను కానీ, అసలు కూర్చుంటే కదా లేవడానికి.

కూర్చోగా నేను ఆయన్ని చూడలేదు. అన్నం కూడా నిలబడే తినేవాడు. పళ్ళెం ఎడమచేత పట్టుకుని, ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట పెట్టి, ఆకాశం వైపు చూస్తూ ముద్ద మింగేవాడు. "కూసోని తినరాదయ్యా, పానానికి వట్టాలె గదా" అని అత్తమ్మ కసిరితే, "ఎండ పోతుందమ్మా" అనేవాడు. అదే ఆయన ఊతపదం. బండి రావడం ఆలస్యమైతే ఎండ పోతుంది. దారిలో ఎవరైనా పలకరించి మాట పొడిగిస్తే ఎండ పోతుంది. ఒకసారి వానాకాలంలో నాలుగు రోజులు ముసురు పట్టి సూర్యుడి ముఖమే ఎవరూ చూడలేదు. అప్పుడు కూడా ఆయన పళ్ళెం కింద పెట్టి "ఎండ పోతుంది" అని బయటికి పరుగెత్తాడు. ఆ మాట తలచుకుని ఇంట్లో నెల రోజులు నవ్వుకున్నాం.

మనతో మాట్లాడేటప్పుడు ఆయన మన కళ్ళలోకి చూడడు. చెంప మీద వెలుగు ఎక్కడ ఆగిందో, ముక్కు నీడ ఎటు పడిందో చూస్తాడు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. ఇరవై ఏళ్ళ కోడలుపిల్లని, మా ఆయన షోలాపూర్ మిల్లులో పనికి పోయి ఉన్నాడు, నేను బావి దగ్గర నీళ్ళు చేదుతుంటే ఈయన వచ్చి "చెల్లే, జర తూర్పుకు తిరుగు" అంటాడు. చేతిలో కెమెరా ఉండదు, ఏమీ ఉండదు. తిరిగితే "ఆఁ, మంచిగుంది" అని తన దారిన తాను పోతాడు. కొన్నాళ్ళకు అలవాటైపోయింది. అత్తమ్మ కూడా బియ్యం చెరుగుతూ ఆయన వస్తున్నాడంటే తనంతట తానే తూర్పుకు తిరిగేది.

ఆయన పొట్ట నింపింది దొరలు, వకీళ్ళు, పెళ్ళివారు. కుర్చీ, కుర్చీ పక్కన పూలకుండీ, కుర్చీలో మనిషి. అచ్చంగా అవే ఫొటోలు నెలంతా. ఏడాదికోసారి, చలికాలంలో, హైదరాబాదులో ఫొటోలు తీసేవాళ్ళంతా ఒకచోట కలిసేవారు. ఎవరెవరు ఏం తీశారో తాళ్ళకు తగిలించి చూసుకునేవారు. కొత్త కెమెరా అద్దాలు చేతులు మారేవి. ఏ మందు ఎంత కలపాలన్న దాని మీద కొట్టుకున్నంత పని అయ్యేది. ఆ వారం ముందు నుంచి ఫొటోలాయన మనిషి మనిషిలా ఉండడు. చొక్కా ఉతికించుకునేవాడు, అట్టల మధ్య ఫొటోలు పెట్టి నాలుగుసార్లు కట్టి ఐదుసార్లు విప్పేవాడు. తిరిగి వచ్చాక రెండు వారాలు ఎవరితోనూ సరిగా మాట్లాడేవాడు కాదు. వాకిట్లో అటూ ఇటూ నడిచేవాడు.

ఒక ఏడు అట్లా నడుస్తూ నడుస్తూ నా ముందు ఆగాడు. నేను మగ్గానికి నూలు కండెలు చుడుతున్నాను.

"నూరు ఫొటోలు తగిలిచ్చిన్రు చెల్లే. అన్ని షేర్వానీలే, అన్ని కుర్సీలే. నాయి గూడ గవే. గా నూటిట్ల ఒక్క మనిషి లేడు."

అని మళ్ళీ నడక మొదలుపెట్టాడు. ఆ తరువాతి వారమే చేర్యాలకు పోయాడు.

చేర్యాలలో బొమ్మల పటాలు వేసే నకాషీవాళ్ళ దగ్గర ఫొటోల వెనుక కట్టడానికి ఒక పెద్ద తెర రాయించుకున్నాడు. ఈయన అడిగింది ఊరికే ఒక ఇంటి గోడ. వాళ్ళు వేసి ఇచ్చింది ఎర్రటి నేల మీద రెండు నెమళ్ళు, ఒక ఏనుగు, అంచుల నిండా తామరపూలు. ఈయన తగవు పెట్టుకున్నాడు. ఎర్రగా లేకపోతే బట్ట బోసిగా ఉంటుందని ఆ వేసిన పెద్దమనిషి ఒప్పుకోలేదట. తిట్టుకుంటూ తెచ్చుకున్నాడు. తీరా ఒక ఫొటో తీసి చూస్తే, ఆ ఎరుపు ఫొటోలో నల్లగా పడింది. నెమళ్ళు ఏనుగులు అన్నీ చీకట్లో కలిసిపోయి, మనిషి ఒక్కడే ముందుకు వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు ఫొటోలాయన మా అత్తమ్మకు, మామకు, నాకు, మా మేకకు కూడా ఆ ఫొటో చూపించాడు.

అప్పటినుంచి ఆ తెరను చుట్టి ఎడ్లబండిలో వేసుకుని ఊళ్ళు పట్టి తిరిగాడు. పైసా తీసుకోకుండా రైతులను, కూలివాళ్ళను, సాలెవాళ్ళను, ముసలివాళ్ళను ఒక్కొక్కరినే నిలబెట్టి తీశాడు. చింతమడక దిక్కున ఒక ఊళ్ళో మొదటి రోజు జరిగింది ఆయనే చెప్పాడు. తెర విప్పి కట్టేసరికి ఊరంతా వచ్చి దాని ముందు నేల మీద కూర్చుందట. చెప్పులు విడిచి, పిల్లలను ఒళ్ళో వేసుకుని, తాపీగా కూర్చున్నారట. చేర్యాల పటం విప్పారంటే కులకథ చెప్పేవాళ్ళు వచ్చినట్లే కదా. ఒకామె చేటలో బియ్యం కూడా తెచ్చింది. ఈయన కెమెరా ముందుకు రండి, ఒక్కొక్కరు రండి అంటే వచ్చారు. వచ్చి కెమెరాకు వీపు తిప్పి, తెరకు దండం పెట్టి నిలబడ్డారు. ఎంత చెప్పినా ఇటు తిరగరు. పటానికి వీపు చూపిస్తే పాపమట.

"మరేం జేసినవన్నా?" అని అడిగాను.

"కథ జెప్పిన" అన్నాడు. "నాకొచ్చిన కథ ఏదో జెప్పిన. కథ అయినంక తెరకు మొక్కి, తిప్పి కట్టిన. గప్పుడు ఇటు తిరిగిన్రు."

ఆ బియ్యం మా ఇంట్లోనే వండుకున్నాం.

ఫొటో తీసేటప్పుడు ఆయన పద్ధతి ఒకటి ఉండేది. మిగతావాళ్ళలా నవ్వు అనడు, ఊపిరి బిగపట్టు అనడు. "పొద్దుగాల ఏం తిన్నవ్?" అని అడుగుతాడు. ఆ మనిషి ఆలోచనలో పడతాడు. ఆలోచించే మనిషి కదలడు. అప్పుడు కెమెరా మూత తీసి, రెండు క్షణాలు ఆగి పెట్టేస్తాడు. పెద్దింటివాళ్ళు ఠక్కున జవాబు చెప్తారనీ, అందుకే వాళ్ళ ఫొటోలు చెడిపోతాయనీ, కూలివాళ్ళకు పొద్దున ఏం తిన్నారో గుర్తు తెచ్చుకోవడానికి చాలాసేపు పడుతుందనీ చెప్పేవాడు. చాలామంది ఏమీ తిని ఉండరు. ఆ మాట చెప్పాలా వద్దా అని తటపటాయించే ముఖాలే ఆయన పలకల నిండా ఉన్నాయి.

పలకలంటే గాజు పలకలు. అప్పట్లో ఫొటో ముందు మందు పూసిన గాజు మీద పడేది, ఆ తరువాత దాన్ని కాగితం మీద అచ్చు తీసేవారు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కొని దాచుకున్న పలకలు ఆయన దగ్గర ఉన్నాయి. అచ్చు కాగితమే కరువైపోయింది. దొరికే కాస్తా కుర్చీల ఫొటోలకే సరిపోయేది. యుద్ధం అయిపోనీ, కాగితం రానీ, ఎవరి ఫొటో వాళ్ళ ఇంటికి తెచ్చి ఇస్తానని ప్రతి మనిషికీ మాట ఇచ్చి వచ్చాడు. ఏళ్ళు గడిచాయి. అంగడి రోజున పల్లెలవాళ్ళు సిద్దిపేటకు వస్తే ఆయన వెనుక సందులో నుంచి తిరిగి వచ్చేవాడు. ఒక ముసలాయన మా ఇంటికే వచ్చి, "నా మొకం తీస్కవోయి ఏడ దాసినవయ్యా? నేను వోయినంక ఇస్తవా?" అని అడిగాడు. ఫొటోలాయన ఆయన్ని లోపలికి తీసుకుపోయి పెట్టెలోంచి పలక తీసి వెలుగుకు పట్టి చూపించాడు. పలక మీద తెలుపు నల్లగా, నలుపు తెల్లగా పడుతుంది కదా, అందులో నెరిసిన జుట్టూ ధోవతీ నల్లగా, చుట్టూ వట్టి గాజు. ఇది నేను కాదని ముసలాయన కోపంగా వెళ్ళిపోయాడు.

మా తమ్ముడి ఫొటో కూడా ఆ పెట్టెల్లో ఉండేది.

మాది కుకునూరుపల్లి అవతల ఒక చిన్న ఊరు. ఆ ఏడు నేను పుట్టింట్లో ఉండగా ఫొటోలాయన బండి కట్టుకుని మా ఊరు వచ్చాడు. మగ్గానికి పడుగు నూలు సాగదీసే జాగాలో రెండు గుంజలు పాతి తెర కట్టాడు. మా తమ్ముడు నాకంటే రెండేళ్ళు చిన్న. నాకు అక్షరాలు నేర్పింది వాడే. సిద్దిపేట బడిలో వాడు నేర్చుకున్నది ఇంటికొచ్చి బొగ్గుముక్కతో గోడ మీద నాకు రాసి చూపించేవాడు, తప్పు చదివితే జడ లాగేవాడు. నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే వాడి చలవే. వాడు కూడా ఒకచోట నిలబడే రకం కాదు. ఇద్దరు నిలబడలేనివాళ్ళు ఎదురుపడితే ఫొటో ఎట్లా దిగుతుందో చూద్దామని నేను పనిగట్టుకుని పోయి పక్కన నిలబడ్డాను.

"పొద్దుగాల ఏం తిన్నవ్ తమ్మీ?" అని ఫొటోలాయన అడిగాడు.

"బాపు తోటి తిట్లు తిన్న" అన్నాడు వాడు ఠక్కున. అందరూ నవ్వారు. భుజం ఎగరేశాడు, కాలు మార్చాడు, మెడ గీరుకున్నాడు. నాకు కోపం వచ్చి "సక్కగ నిలవడు తమ్మీ" అని కేకేశాను. ఫొటోలాయన మూత పెట్టేశాడు. అయింది పొమ్మన్నాడు. మంచిగా వచ్చిందా అని నేను అడిగితే, ఆకాశం వైపు చూస్తూ వచ్చింది అన్నాడు. కాగితం రాగానే మొదటి ఫొటో నీకే ఇస్తా చెల్లే అని కూడా అన్నాడు.

యుద్ధం అయిపోయింది. కాగితం ఇంకా రాలేదు కానీ హైదరాబాదు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే చలికాలం అందరూ కలిసేటప్పుడు ఆయన పల్లెల ముఖాలు పన్నెండు తెమ్మని, వాటికి ఒక గోడ విడిగా ఇస్తామని రాశారు. ఉత్తరం పట్టుకుని ఆయన వాకిట్లో ఎన్ని చుట్లు తిరిగాడో లెక్క లేదు. పన్నెండు ఎవరిని తీయాలి, ఎవరిని వదలాలి అని రోజూ పలకలు తీసి వెలుగుకు పట్టేవాడు, మళ్ళీ పెట్టేవాడు. ఒక రోజు ఒప్పుకున్న ముఖం మర్నాటికి నచ్చేది కాదు.

ఆ ఎండాకాలమే ఊళ్ళు మారిపోయాయి. మా ఊరి దొర గడికి వెట్టి బట్టలు నేసి ఇచ్చేది లేదని సాలెవాళ్ళు చెప్పేశారు. మూటలు మోసేది లేదని కూలివాళ్ళు చెప్పేశారు. ఆ చెప్పిన నోళ్ళలో మా తమ్ముడిది పెద్ద నోరు. వాడు, వాడితో పాటు చుట్టుపక్కల ఊళ్ళ పిల్లలు ఇళ్ళు విడిచి పోయారు. మా బాపును గడికి పిలిపించి రోజంతా ఎండలో నిలబెట్టారు. మా అవ్వ కబురు పంపితే నాకు అన్నం సహించలేదు.

అప్పుడు ఒక పొద్దున పోలీసు అమీను, గడి గుమాస్తా కలిసి మా ఇంటికి వచ్చారు. నేను తలుపు వెనుక నిలబడ్డాను. చాలా మర్యాదగా మాట్లాడారు. మీరు అన్ని ఊళ్ళూ తిరిగి అందరినీ తీశారని విన్నాం, ఆ ఫొటోలన్నీ అచ్చు తీసి ఇస్తే ఎవరెవరో మావాళ్ళు చూసి చెప్తారు, పోయినవాళ్ళను పట్టుకోవడం తేలికవుతుంది అన్నారు. తన దగ్గర కాగితం లేదని ఫొటోలాయన అన్నాడు. గుమాస్తా నవ్వి సంచీలో నుంచి ఒక డబ్బా తీసి గట్టు మీద పెట్టాడు. సీలు వేసిన అచ్చు కాగితం డబ్బా, ఎక్కడ సంపాదించారో. ఇది చాలకపోతే ఇంకొకటి పంపిస్తామన్నారు. నాలుగు రోజుల్లో వస్తామని వెళ్ళిపోయారు.

ఫొటోలాయన ఆ డబ్బాను రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఊరికే నిలబడ్డాడు. ఆయన అంతసేపు కదలకుండా ఉండగా నేను చూసింది అదొక్కసారే. ఆ డబ్బాలో పన్నెండు ముఖాలు ఉన్నాయి. ఆయన మాట ఇచ్చిన ప్రతి ఇంటి గోడ మీద వేలాడాల్సిన ఫొటో ఉంది, మా తమ్ముడిదీ ఉంది. ఏళ్ళ తరబడి ఏ కాగితం కోసం సందుల్లో దాక్కుని తిరిగాడో ఆ కాగితం ఇప్పుడు చేతిలో ఉంది. నాకు ఆయన మీద జాలి వేయలేదు, భయం వేసింది. ఈయన అచ్చు తీస్తే మా తమ్ముడు పోతాడు.

ఫొటోలాయన రెండు రోజులు పళ్ళెం ముట్టలేదు. డబ్బా గట్టు మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, సీలు వేలితో తడిమి, వాకిలంతా తిరిగాడు. పలకలను మగ్గం గుంటలో పూడ్చిపెడదామని మా మామ అన్నాడు.

"గుంట తవ్వుడు వాళ్ళకు రాదానే?" అన్నాడు ఫొటోలాయన.

పగలగొడదామని అత్తమ్మ అంది. పగిలిన ముక్కలో కూడా ముఖం ఉంటుందని, గాజు పలక సగం విరిగినా మనిషి పూర్తిగానే దొరుకుతాడని ఆయన చెప్పాడు. ఆఖరికి మూడో రోజు మధ్యాహ్నం, వీధిలో కుక్క కూడా లేని వేళ, నా దగ్గరికి వచ్చాడు.

"చెల్లే, నూలు ఉడకవెట్టే కాగు పొయ్యి మీద వెట్టు. సోడా జర ఎక్కువ వెయ్యి."

నాకు అర్థమైంది. రంగు వేయడానికి ముందు మేము నూలును సోడా నీళ్ళలో ఉడకబెట్టి మురికి వదిలిస్తాం. ఆ పెద్ద కాగు నిండా నీళ్ళు పోసి మంట పెట్టాను. ఆయన మూడు పెట్టెలూ పెరట్లోకి మోసుకొచ్చాడు. ఆయన ఒక్కొక్కటే తీసి ఇస్తే నేను నీళ్ళలోకి జార్చాను. వేడికి గాజు మీది మందు మీగడలా లేచి, ముడుతలు పడి, ముక్కలు ముక్కలుగా నీళ్ళలోకి వచ్చేసింది. మా నూలు మురికి ఎప్పుడూ ఆ కాగులో అట్లా వదలలేదు. నీళ్ళు నల్లబడ్డాయి.

కొన్ని పలకలు పోయాక నా చేతులు ఆగాయి. ఒక పలక వెలుగుకు పట్టి చూశాను. తెల్ల జుట్టు, నల్ల ముఖం. ఇంకొకటి చూశాను. అదీ అంతే. అన్నీ అంతే.

"అన్నా, మా తమ్ముడిది ఏది?"

ఆయన నా వైపు చూశాడు. చెంప వైపు కాదు, కళ్ళలోకే చూశాడు.

"అడగకు చెల్లే. చెప్తే నీ చెయ్యి ఆడది."

మంటలోకి చూస్తూ, చేతికి ఇచ్చినదల్లా నీళ్ళలో వేశాను. ఎవరు మా తమ్ముడో, ఎవరు ఏ అక్క తమ్ముడో తెలియకుండా మూడు పెట్టెలూ ఖాళీ చేశాను. నా కళ్ళ నుంచి నీళ్ళు కారుతుంటే పొగకు అనుకున్నాడో ఏమో, లేచి కట్టెలు సర్దాడు.

నాలుగో రోజు వాళ్ళు వచ్చేసరికి పలకలన్నీ గోడ వెంట వరుసగా ఎండకు ఆరబెట్టి ఉన్నాయి. తళతళా మెరుస్తున్నాయి. ఎండలు ఎక్కువై మందు కరిగి జారిపోయిందని, మా ఫొటోల పనిలో ఎండాకాలం ఇట్లాగే అవుతుందని ఆయన చెప్పాడు. నిజంగానే అట్లా అవుతుందట, ఒకటో రెండో. మూడు పెట్టెలకు మూడు పెట్టెలు జారిపోతాయని నమ్మడానికి వాళ్ళేం పిచ్చివాళ్ళు కాదు. కాగితం డబ్బా సీలు తీయకుండానే వాళ్ళ చేతికి ఇచ్చాడు. ఆయన్ని తీసుకుపోయారు, కెమెరాను, మూడుకాళ్ళ స్టాండును కూడా. మూడు రోజుల తరువాత కుంటుతూ వచ్చాడు. కుడి చెవికి వినిపించడం లేదు. కెమెరా మాత్రం రాలేదు. తెరను బొమ్మల బట్ట అనుకుని వదిలేశారు.

కాస్త కోలుకున్నాక ఆ గాజులన్నీ తీసుకుపోయి పటాలు కట్టేవాడికి ఇచ్చాడు. ఆ ఏడు సిద్దిపేటలో దేవుడి పటం కట్టించుకున్న ఇంటింటా ఆ అద్దాలే ఉన్నాయి. దేవుడికి మొక్కేవాళ్ళకు, దేవుడికి మధ్య ఎవరో ఒక సాలెవాడో, కూలిదో నిలబడి ఉన్నారన్నమాట. ఆరు మాత్రం ఉంచి, అద్దాలు లేక గోనెపట్టా కట్టి ఉన్న మా ముందుగది కిటికీకి తన చేతులతో తానే బిగించాడు. ఆ పని అయిన మర్నాడు తెర చుట్టి భుజాన వేసుకున్నాడు. ఈ కాలితో ఎక్కడికి పోతావయ్యా, నాలుగు రోజులు ఉండమని అత్తమ్మ అంది.

"ఎండ పోతుందమ్మా" అన్నాడు. మళ్ళీ రాలేదు.

మా తమ్ముడు కూడా రాలేదు. గొడవలన్నీ సద్దుమణిగాక వాడితో పోయినవాళ్ళలో చాలామంది తిరిగి వచ్చారు. పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లలను కన్నారు. వాడు ఎక్కడ పోయాడో, ఎట్లా పోయాడో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఏళ్ళు గడిచేకొద్దీ నాకు ఒక భయం పట్టుకుంది, వాడి ముఖం మరిచిపోతున్నానని. ముక్కు గుర్తొస్తే కళ్ళు గుర్తురావు. జడ లాగిన చెయ్యి గుర్తుంది, ముఖం చెరిగిపోతోంది. అప్పుడు ఫొటోలాయన మీద కోపం వచ్చేది. ఉన్నది ఉన్నట్లు రాస్తున్నాను, ఆయన్ని తిట్టుకున్నాను. అన్నిటిలో ఒక్కటి దాచి ఉంటే ఏం పోయేది? వేలెడంత ముక్క దాచినా చాలు కదా. దాచలేదు. నా చేతులతోనే వేయించాడు.

కొంతకాలానికి హైదరాబాదు నుంచి ఒక ఫొటో స్టూడియో ఆయన మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఫొటోలాయనకు తన దగ్గర పని ఇద్దామని వచ్చాడట. ఇక్కడ లేడు అని చెప్పి మంచినీళ్ళు ఇచ్చాను. నీళ్ళు తాగి, ఫొటోలాయన ఇక్కడి నుంచి పోయిన ఏటి చలికాలం ఏం జరిగిందో ఆయనే చెప్పాడు.

ఫొటోలాయన అందరూ కలిసే చోటికి పోయాడట. భుజం మీద తెర తప్ప చేతిలో ఏమీ లేదు. తనకు ఇస్తామన్న గోడకు ఆ ఎర్ర తెర కట్టాడు. ఫొటోలేవి అని అడిగితే, చెప్తా వినండి అన్నాడు. ఒక్కొక్క ఫొటోనే చెప్పడం మొదలుపెట్టాడు. ఎవరి పేరూ చెప్పలేదు, ఊరు చెప్పలేదు. ఒక ముసలామె, ఎడమ చెవికి పోగు లేదు, వెలుగు కుడివైపు నుంచి, కొంగు కింద చెయ్యి దాచుకుంది. ఒక ముసలాయన, పొద్దున ఏం తిన్నావంటే కింది పెదవి వణికింది. ఇట్లా ఒకరి తరువాత ఒకరు. కొందరు నవ్వి చాయ్ తాగడానికి పోయారట. మిగిలినవాళ్ళు నేల మీద కూర్చున్నారట. ఆయన మాత్రం నిలబడే చెప్పాడు.

"పదకొండోదో పన్నెండోదో యాదికి లేదమ్మా" అన్నాడు స్టూడియో ఆయన. "ఒక పిలగాని ఫొటో చెప్పిండు. పిలగాడు నిమిషం నిలవడడట. సరిగ్గ మూత తీసినప్పుడు పక్కకెల్లి అక్క పిలిచిందట. అక్క దిక్కు మర్లి నవ్విండట. మొకమంత చెదిరిపోయింది, నవ్వొక్కటే పడ్డది అన్నడు. గా పలకను నీళ్ళల్ల వెయ్యకున్నా నడుస్తుండె, దాన్ని చూసి ఎవ్వలు గుర్తువట్టకపోయెటోళ్ళు అన్నడు."

"మరెందుకు వేసిండు?" అన్నాను.

"మేము గదే అడిగినం. ఒక్కటి పక్కకు వెడితే, మిగిలినోళ్ళ అక్కలకు నేనేం జెప్పాలె అన్నడు."

ఆ అక్కను నేనేనని చెప్పలేదు. ఆయన బస్సు వేళయిందని వెళ్ళిపోయాడు. నేను పెరట్లోకి పోయి కాగు పక్కన కూర్చుని ఏడ్చాను. సక్కగా నిలబడు అని నేను అరవకపోతే ఫొటో చెదిరేది కాదు. నేను అరిచాను కాబట్టి వాడు నా వైపు తిరిగి నవ్వాడు. ఇన్నేళ్ళుగా చెరిగిపోయిన ముఖం ఆ పూట పూర్తిగా కనిపించింది. ఫొటోలాయన మాట తప్పలేదు. మొదటి ఫొటో నాకే ఇస్తానన్నాడు, మనిషి చేత పంపించాడు.

వడ్రంగి బీడీ తాగి వచ్చాడు. ఇదంతా అతనికి చెప్పలేదు. కొత్త చెక్కకు పాత అద్దాలే బిగించు అన్నాను. అతను కోడలి వైపు చూశాడు, కోడలు తల ఊపింది.

"గట్లనే అవ్వా. గానీ గిదొక్కటి మూలకు పగిలింది. గిదన్న మార్చనీ" అన్నాడు.

"ఏది మారిస్తే ఏది పోతదో నాకు ఎర్కలేదు బిడ్డా. అన్ని పెట్టు" అన్నాను.

మా తమ్ముడు ఈ ఆరింటిలో లేకపోవచ్చు. ఏ ఇంట్లోనో నరసింహస్వామి పటం ముందు ఉండి ఉండవచ్చు. అది నాకు తెలియని సంగతి కాదు. వడ్రంగి ఆరింటినీ బిగించి, పగులుకు కాస్త లక్క పూసి వెళ్ళాడు. సాయంత్రం వెలుగు ఆ ఆరు అద్దాల్లోంచి దిగి గచ్చు మీద పరుచుకుంది. పీట అక్కడికి జరుపుకుని, ఎండ పోయేదాకా కూర్చున్నాను.